చెరువు పక్క పొలంలో పర్యాటకులకు బస: చిన్న రైతు ఎలా మొదలుపెట్టాలి?

వానాకాలం వరి కోతలు ముగిసేసరికి చెరువులు, ప్రాజెక్టులు నిండుగా ఉంటాయి. చలి మొదలవుతుంది. శని, ఆదివారాల్లో నగరాల నుంచి కార్లు నీటి వైపు బయలుదేరతాయి. వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి ప్రాజెక్టుకు కయాక్‌లు తొక్కడానికి, ములుగు జిల్లా లక్నవరానికి వేలాడే వంతెన చూడటానికి, నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిలకు కృష్ణా వెనుక జలాల కోసం, కడప జిల్లా గండికోటకు పెన్నా లోయ అంచున రాత్రి గడపడానికి జనం వెళ్తున్నారు. ఈ దారుల పక్కనే పొలాలున్న రైతులకు మాత్రం చాలాచోట్ల మిగిలేది గట్ల మీద పారేసిన ప్లాస్టిక్ సీసాలే.

రెండు, మూడు ఎకరాల రైతు ఈ రాకపోకల నుంచి కొంత ఆదాయం పొందవచ్చా? పొందవచ్చు. అయితే ఒక విషయం మొదటే స్పష్టంగా తెలుసుకోవాలి. చెరువు నీరు రైతుది కాదు. రైతు చేతిలో ఉన్నవి పట్టా భూమి, వంట, పడుకోవడానికి చోటు, పొలం చూపించే అనుభవం. వ్యాపారం వీటి మీదే కట్టుకోవాలి. పడవల పనిని అనుమతి ఉన్నవారికే వదిలేయాలి. ఈ గీత దాటితే ఆదాయం మాట అటుంచి, ప్రాణాల మీదికి, కేసుల మీదికి వస్తుంది.

వచ్చేవారు ఏం కోరుకుంటారు?

ఏర్పాట్లు చేసే ముందు అతిథి రోజు ఎలా గడుస్తుందో ఊహించుకోవాలి. సాధారణంగా ఒక కుటుంబం లేదా నలుగురైదుగురు స్నేహితులు శనివారం మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు చేరుకుంటారు. సాయంత్రం నీటి ఒడ్డున తిరుగుతారు. రాత్రి చలిమంట దగ్గర కూర్చుని భోజనం చేస్తారు. ఆదివారం తెల్లవారగానే, గాలి లేచే లోపు, పడవ లేదా కయాక్ ఎక్కుతారు. తొమ్మిది గంటలకు టిఫిన్ తిని, కాసేపు పొలం చూసి, పదకొండుకు తిరుగు ప్రయాణమవుతారు.

ఫోన్ చేసినప్పుడు వారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి.

- బాత్‌రూమ్ ఉందా? ఆడవాళ్లకు వేరుగా ఉందా?
- కారు టెంటు దాకా వస్తుందా? వాన పడితే దిగబడుతుందా?
- రాత్రి భోజనం, ఉదయం టిఫిన్ ఇస్తారా?
- పడవలు ఎంత దూరంలో ఉన్నాయి? ఎవరు నడుపుతారు?
- పిల్లలకు భద్రత ఉందా? రాత్రి కాపలా ఎవరు ఉంటారు?
- టెంటులో ఉండలేకపోతే గది దొరుకుతుందా?

ఈ ఆరు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పగలిగిన రోజునే అతిథులను పిలవాలి. లేనిది ఉందని చెబితే మొదటి వారమే చెడ్డ పేరు వస్తుంది. నగరవాసులు ఫోన్‌లో రాసే నాలుగు మాటలు ఊరి దాకా వచ్చే వంద మందిని ఆపేస్తాయి.

ఎవరి పొలం అనువైనది?

నగరం నుంచి రెండు, మూడు గంటల ప్రయాణంలో ఉండాలి. తారు రోడ్డు నుంచి పొలం దాకా కారు నడిచే బాట కావాలి. వాననీరు నిలవని మెరక, మామిడి లేదా చింత చెట్ల నీడ ఉంటే మంచిది. తాగునీరు, కరెంటు దగ్గరలో ఉండాలి. రైతు కుటుంబం పొలంలోనో, కేక వేస్తే వినపడేంత దూరంలోనో ఉండాలి. అందరూ ఊళ్లో నిద్రపోతుంటే అతిథులను పొలంలో వదిలేయడం పనికిరాదు.

నీరు కనిపించాలే గానీ నీటి అంచునే ఉండనక్కర్లేదు. అర కిలోమీటరు దూరంలో మెరక మీద ఉన్న పొలమే చాలా విధాల మేలు. దోమలు తక్కువ, తేమ తక్కువ, పిల్లలు చూసుకోకుండా నీళ్లలోకి వెళ్లే ప్రమాదం తక్కువ.

అటవీ భూమిలో, అభయారణ్యాల్లో రైతు సొంతంగా టెంట్లు వేయకూడదు. పాఖాల చెరువు అభయారణ్యంలో ఉంది. కొల్లేరులో ఐదో కాంటూరు లోపలి ప్రాంతం అభయారణ్యమే. నల్లమలలో పులుల సంరక్షణ ప్రాంతాలు ఉన్నాయి. ఇలాంటి చోట్ల అటవీశాఖ అనుమతి లేకుండా ఏ పనీ మొదలుపెట్టరాదు.

ముందుగా భూమి కాగితాలు

చెరువు పక్క భూమిలో చాలామంది చిక్కుకునేది ఇక్కడే.

పూర్తి నిల్వ మట్టం: చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. శిఖం భూమికి పట్టా ఉన్నా, నీరు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికే ఆ భూమి పనికివస్తుంది. అందులో గదులు, మరుగుదొడ్లు, సిమెంటు దిమ్మెలు కట్టకూడదు.

బఫర్: 2012 నాటి ఉమ్మడి రాష్ట్ర భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు 9 మీటర్లు ఖాళీగా వదలాలి. నదులకు ఈ దూరం ఇంకా ఎక్కువ. ఇప్పుడు మీ ప్రాంతంలో ఏ కొలత అమల్లో ఉందో నీటిపారుదల శాఖ ఇంజినీరును అడగాలి. హద్దు రాళ్లు కనిపించకపోతే సర్వేయరుతో కొలిపించుకోవాలి. కంటి అంచనా మీద ఆధారపడితే నిండు చెరువు సంవత్సరంలో టెంట్లు నీళ్లలో ఉంటాయి.

అసైన్డ్ భూమి: ప్రభుత్వం సాగు కోసం ఇచ్చిన భూమిని లీజుకు ఇవ్వడం, చేతులు మార్చడం 1977 చట్టం ప్రకారం కుదరదు. రిసార్టు కడతామని వచ్చేవారి అడ్వాన్సు తీసుకుని సంతకం పెడితే భూమే పోవచ్చు.

వ్యవసాయేతర మార్పిడి: కోతల తర్వాత ఖాళీ మడిలో నాలుగు టెంట్లు వేసి తీసేయడం వేరు, శాశ్వత గదులు కట్టడం వేరు. శాశ్వత కట్టడాలకు భూ మార్పిడి, గ్రామ పంచాయతీ అనుమతి కావాలి. ఈ నియమాలు రెండు రాష్ట్రాల్లోనూ మారుతూ ఉన్నాయి కాబట్టి కట్టే ముందు తహసీల్దారు కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. తెలంగాణలో వ్యవసాయేతరంగా మారిన భూమికి రైతు భరోసా రాదన్నది గుర్తుంచుకోవాలి. అందుకే రెండెకరాల రైతు భూమి మార్చకుండా, పంట తీయకుండా చేయగలిగే పనితోనే మొదలుపెట్టడం మంచిది.

నీటి మీద పని ఎవరిది?

చెరువు కట్ట, తూము, అలుగు నీటిపారుదల శాఖవి. చేపల హక్కు సాధారణంగా మత్స్య సహకార సంఘానిది. పర్యాటక పడవలు నడిపేది పర్యాటక సంస్థ, లేదా అనుమతి పొందినవారు. పొలం ఒడ్డునే ఉంది కదా అని నాలుగు కయాక్‌లు కొని అద్దెకు ఇవ్వడం తప్పు. ఇంజిను పడవలకు 2021 అంతర్గత జలనౌకల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్, తనిఖీ తప్పనిసరి. తెడ్డు పడవలకూ స్థానిక అధికారుల అనుమతి, భద్రతా షరతులు ఉంటాయి.

దీన్ని కాగితాల తతంగంగా చూడకూడదు. 2017 నవంబర్ 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల యాత్రకు వెళ్లిన పడవ కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో మునిగి 50 మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, పైనున్న లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీటికి కొట్టుకుపోయారు. ఆనకట్ట దిగువన ప్రశాంతంగా కనిపించే వాగు నిమిషాల్లో పొంగుతుందని ఈ చివరి ఘటన చెబుతోంది.

కాబట్టి రైతు చేయవలసింది ఇది. అనుమతి ఉన్న బోటింగ్ కేంద్రంతో మాట్లాడుకుని అతిథులను అక్కడికి పంపాలి. పంపే ముందు ఒకసారి స్వయంగా వెళ్లి ఈ విషయాలు చూడాలి.

- ఎక్కే ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉందా? పిల్లల సైజు వేరుగా ఉందా? పట్టీలు బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే జాకెట్ గడ్డం దాటి జారిపోకూడదు.
- నీటిలో దిగి రక్షించగలిగిన ఈతగాడు, రక్షణ పడవ అక్కడ సిద్ధంగా ఉన్నాయా?
- ఎంతమందిని ఎక్కించాలో పడవ మీద రాశారా? దాన్ని పాటిస్తున్నారా?
- గాలి, ఉరుములు మొదలైతే పడవలు ఆపేస్తున్నారా? చీకటి పడటానికి అరగంట ముందే అందరినీ ఒడ్డుకు చేరుస్తున్నారా?
- తాగి వచ్చినవారిని ఎక్కించకుండా తిప్పి పంపుతున్నారా?

వీటిలో ఒక్కటి లేకపోయినా అతిథులను అక్కడికి పంపవద్దు. "ఈ వారం పడవ లేదు, ఒడ్డు నుంచి పక్షులను చూద్దాం" అని చెప్పడమే మేలు.

చేపలు పట్టే పుట్టిలో సరదాకు తిప్పడం చాలా ఊళ్లలో కనిపిస్తుంది. పుట్టి గుండ్రంగా ఉంటుంది, అలవాటు లేనివారు ఒక్కసారి ఒక వైపు వంగితే తిరగబడుతుంది. మత్స్యకారుడికి అది పని ముట్టు, పర్యాటకుడికి ప్రమాదం. సంఘంతో మాట్లాడుకుని ఉదయం వలలు తీసే పనిని ఒడ్డు నుంచి చూపించవచ్చు. అదే ఒడ్డున చేపలు కొంటే సంఘానికీ ఆదాయం వస్తుంది. చెరువు మీద బతికేవారిని పక్కన పెట్టి చేసే పర్యాటకం ఊళ్లో ఎక్కువ కాలం నిలవదు.

ఈత విషయంలో మినహాయింపులు ఉండకూడదు. చెరువుల్లో పూడిక, మట్టి తవ్విన గుంతలు పైకి కనిపించవు. నడుము లోతు నీటిలో రెండడుగులు వేస్తే నిలువు లోతు రావచ్చు. తూము దగ్గర నీరు లోపలికి లాగుతుంది. అలుగు మీద నాచు పట్టి జారుతుంది. "మా పొలంలో బస చేసేవారు చెరువులో దిగరాదు" అని బోర్డు పెట్టడంతో పాటు వచ్చిన వెంటనే నోటితో చెప్పాలి.

టెంట్లు వేసే పద్ధతి

మొదటి సంవత్సరం నాలుగు టెంట్లు చాలు. ఇద్దరు పడుకునే టెంటులో ఇద్దరినే ఉంచాలి. మెరక చోట గడ్డి, రాళ్లు, మొక్కజొన్న కొయ్యలు తీసి చదును చేయాలి. టెంటుకు టెంటుకు మధ్య కనీసం నాలుగైదు మీటర్లు వదలాలి. చుట్టూ చిన్న కాలువ తీస్తే అకాల వాన పడినా నీరు లోపలికి రాదు. ఎండిన కొమ్మలున్న చెట్టు కింద, కొబ్బరి చెట్ల కింద, కరెంటు తీగల కింద టెంటు వేయకూడదు. మేకులు గట్టిగా దిగకపోతే ఈదురు గాలికి టెంటు లేచిపోతుంది. తాళ్లకు తెల్ల గుడ్డ ముక్కలు కడితే చీకట్లో కాళ్లకు తగలవు.

పాములు: కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద నిద్రపోతున్నవారిని కాటు వేస్తే నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు. టెంటు జిప్పు ఎప్పుడూ మూసి ఉంచాలి. చెప్పులు, సంచులు లోపలే పెట్టుకోవాలి. మరుగుదొడ్డి దాకా దారి శుభ్రం చేసి దీపాలు పెట్టాలి. ప్రతి టెంటుకూ టార్చిలైటు ఇవ్వాలి. వడ్ల బస్తాలు, గడ్డివాము ఉన్నచోట ఎలుకలు, ఎలుకల కోసం పాములు వస్తాయి కాబట్టి టెంట్లు వాటికి దూరంగా ఉండాలి. కాటు పడితే కట్టు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, పాము కాటు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఆ మందు దగ్గరలో ఎక్కడ ఉందో సీజన్ మొదలయ్యే ముందే కనుక్కుని రాసి పెట్టుకోవాలి.

పిడుగులు: టెంటు పిడుగు నుంచి కాపాడదు. ఉరుము వినపడగానే అందరినీ పక్కా ఇంట్లోకి లేదా కారులోకి పంపాలి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రానివ్వవద్దు. నీటి మీద ఉన్నవారిని అన్నిటికంటే ముందు ఒడ్డుకు పిలిపించాలి.

నిప్పు: చలిమంట ఒకే చోట, చుట్టూ రాళ్లు పేర్చి, టెంట్లకు, గడ్డివాముకు దూరంగా వేయాలి. పక్కనే బిందెల నీళ్లు, ఇసుక ఉంచాలి. పడుకునే ముందు రైతే స్వయంగా ఆర్పాలి. చలి ఎక్కువగా ఉందని బొగ్గుల కుంపటి టెంటులోకి తీసుకెళ్తే విషవాయువు చేరి నిద్రలోనే ప్రాణం పోతుంది. అతిథులు అడిగినా ఇవ్వకూడదు, అదనంగా దుప్పటి ఇవ్వాలి.

పొలంలోని ప్రమాదాలు: మనకు అలవాటైన వస్తువులు కొత్తవారికి ప్రమాదం. తెరిచి ఉన్న స్టార్టరు డబ్బా, అతుకులు వేసిన మోటారు వైరు, గోడ లేని బావి, పొడిచే ఎద్దు, కరిచే కుక్క, అడవి పందుల కోసం వేసిన కరెంటు తీగ వంటివి సరిచేసిన తర్వాతే అతిథిని పిలవాలి. కరెంటు తీగ కంచె అసలే చట్టవిరుద్ధం. పురుగుమందుల డబ్బాలకు తాళం వేసిన గది ఉండాలి. అతిథులు వచ్చే వారంలో టెంట్ల పక్క మడుల్లో పిచికారీ చేయకూడదు. పక్క రైతుతో కూడా ముందే మాట్లాడుకోవాలి.

మరుగుదొడ్డి, నీరు, చెత్త

ఖర్చు పెట్టగలిగిన డబ్బులో మొదటి వాటా మరుగుదొడ్డికే ఇవ్వాలి. నాలుగు టెంట్లకు రెండు మరుగుదొడ్లు ఉండాలి. అందులో ఒకటి ఆడవాళ్లకు. రెండు గుంతల పద్ధతి పొలానికి అనువైనది. ఒక గుంత నిండాక రెండోదానికి మళ్లిస్తారు, మొదటిది కుళ్లి ఎరువవుతుంది. గుంతలు బోరుకు, బావికి దూరంగా, చెరువు వైపు మురుగు పారని చోట తీయాలి. స్నానపు నీటిని అరటి, కొబ్బరి పాదులకు మళ్లించవచ్చు.

తాగడానికి క్యాన్ నీరు లేదా మరగబెట్టి చల్లార్చిన నీరు ఇవ్వాలి. చెత్తకు రెండు డబ్బాలు పెట్టాలి. తడి చెత్త కంపోస్టు గుంతకు, ప్లాస్టిక్ పంచాయతీ బండికి. సీసాలు చెరువు ఒడ్డున మిగిలితే పశువులకు, చేపలకు నష్టం. వచ్చే వారం అతిథులకూ అదే కనిపిస్తుంది.

భోజనమే అసలు లాభం

టెంటు ఎక్కడైనా దొరుకుతుంది. పొలంలో వండిన జొన్న రొట్టె, నాటుకోడి కూర, చెరువు చేపల పులుసు, పచ్చి పులుసు, పెసరట్టు నగరంలో అలా దొరకవు. మన పంటను మార్కెట్ ధరకు అమ్మేకన్నా వండి వడ్డిస్తే ఎక్కువ విలువ వస్తుంది. వెళ్లేటప్పుడు కందిపప్పు, పెసలు, పచ్చళ్లు, కూరగాయలు కొనుక్కుని వెళ్లేవారు చాలామంది ఉంటారు. కిలో, అరకిలో సంచుల్లో తూకం వేసి ధర రాసి సిద్ధంగా ఉంచాలి.

వంట పనిని ఇంటి ఆడవాళ్ల మీదే వేసి, డబ్బు లెక్కలో వారి శ్రమను వదిలేయకూడదు. కూలి కట్టి లెక్క రాయాలి. అవసరమైతే ఊరి స్వయం సహాయక సంఘం సభ్యులకు వంట అప్పగించవచ్చు. డబ్బు తీసుకుని భోజనం పెట్టేవారు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. చిన్న వ్యాపారులకు తక్కువ ఫీజుతో ప్రాథమిక రిజిస్ట్రేషన్ ఉంది. మద్యం అమ్మడం లైసెన్సు లేకుండా నేరం, తెచ్చి పెట్టడం కూడా వద్దు.

గది బస

చిన్న పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబాలు టెంటుకు ఇష్టపడవు. ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంటే సున్నం వేసి, కిటికీకి దోమతెర కట్టి, శుభ్రమైన పరుపు, దుప్పట్లు పెడితే చాలు. కొత్తగా కాటేజీలు కట్టనక్కర్లేదు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో ఒకటి నుంచి ఆరు గదుల వరకు నమోదు చేసుకోవచ్చు. యజమాని కుటుంబం అక్కడే నివసించాలన్నది అందులో ముఖ్య షరతు. రాష్ట్ర పర్యాటక శాఖ నిబంధనలు జిల్లా పర్యాటక అధికారి దగ్గర తెలుస్తాయి.

వచ్చిన ప్రతి వ్యక్తి పేరు, చిరునామా, ఫోన్ నంబరు, గుర్తింపు కార్డు వివరం పుస్తకంలో రాయాలి. స్థానిక పోలీస్ స్టేషన్‌కు ముందే తెలియజేయాలి. విదేశీయులు బస చేస్తే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో ఫారం-సి నింపాలి.

ఖర్చు, రాబడి: ఒక ఉదాహరణ లెక్క

కింది అంకెలు లెక్క వేసే పద్ధతి చూపడానికి ఇచ్చినవే. మీ ఊరి ధరలు వేసుకుని మళ్లీ లెక్క చూసుకోవాలి.

మొదటి పెట్టుబడి: టెంట్లు 4 (ఒక్కోటి 4,000) 16,000, పరుపులు, దుప్పట్లు 8 మందికి 12,000, రెండు మరుగుదొడ్లు 50,000, దీపాలు, టార్చిలైట్లు, ప్రథమ చికిత్స పెట్టె, వంట పాత్రలు 12,000. మొత్తం 90,000 రూపాయలు.

రాబడి: నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు 16 శనివారాలు అనుకుందాం. నాలుగు టెంట్లు నిండితే 8 మంది. సగటున సగమే నిండితే వారానికి 4 మంది, సీజనుకు 64 మంది. బస, రాత్రి భోజనం, టిఫిన్ కలిపి మనిషికి 1,000 చొప్పున 64,000 రూపాయలు.

నడిపే ఖర్చు: భోజనం మనిషికి 350 చొప్పున 22,400, దుప్పట్లు ఉతకడం, గ్యాసు, కట్టెలు, కరెంటు మనిషికి 100 చొప్పున 6,400, సహాయకుడి కూలి రాత్రికి 600 చొప్పున 9,600. మొత్తం 38,400. మిగిలేది 25,600 రూపాయలు.

అంటే సగం నిండితే పెట్టుబడి తిరిగి రావడానికి మూడున్నర సీజన్లు పడుతుంది. ముప్పావు వంతు నిండితే సీజనుకు 43,200 మిగులుతుంది, రెండు సీజన్లు దాటాక పెట్టుబడి తిరిగి వస్తుంది. పొలం ఇంట్లో మరుగుదొడ్లు ముందే ఉంటే పెట్టుబడి 40,000కు తగ్గుతుంది. సగం నిండినా రెండో సీజనులో ఆ డబ్బు చేతికి వస్తుంది.

ఈ లెక్క చెప్పేది ఒక్కటే. ఇది పంటకు తోడు ఆదాయం, పంటకు బదులు కాదు. వడ్డీకి అప్పు తెచ్చి ఇందులో పెట్టకూడదు. పంట ఆదాయానికి ఆదాయపు పన్ను లేకపోయినా, బస, భోజనం మీద వచ్చే డబ్బు వ్యాపార ఆదాయం కిందికి వస్తుంది కాబట్టి రెండు లెక్కలూ వేర్వేరు పుస్తకాల్లో రాయాలి. అతిథులకు ప్రమాదం జరిగితే వర్తించే పబ్లిక్ లయబిలిటీ బీమా గురించి బీమా కంపెనీలో అడిగి చూడాలి.

రాత్రి బస బాధ్యత మోయలేనివారు పగటి భోజనంతో మొదలుపెట్టవచ్చు. చెట్టు నీడలో చాపలు, పార్కింగ్, శుభ్రమైన మరుగుదొడ్డి, మధ్యాహ్న భోజనం ఉంటే చాలు. టెంట్ల ఖర్చు ఉండదు, రాత్రి కాపలా అక్కర్లేదు. ఊళ్లో ముగ్గురు, నలుగురు రైతులు కలిస్తే ఇంకా సులువు. ఒకరు టెంట్లు, ఒకరు గది, ఒకరు భోజనం చూసుకోవచ్చు. ఒకరి దగ్గర నిండితే ఇంకొకరికి పంపవచ్చు.

పొరుగు రాష్ట్రం అనుభవం

మహారాష్ట్రలో పుణె జిల్లా పవనా జలాశయం చుట్టుపక్కల గ్రామాలవారు ముంబయి, పుణె నగరాల నుంచి వచ్చేవారికి టెంట్లు వేసి భోజనం పెడుతున్నారు. ఆ రాష్ట్రం 2020లో వ్యవసాయ పర్యాటక విధానాన్ని కూడా తెచ్చింది. అక్కడి నుంచి నేర్చుకోవలసినవి రెండు. రెండు పెద్ద నగరాలకు దగ్గరగా ఉండటం వల్లే అక్కడ గిరాకీ బలంగా ఉంది. మారుమూల చెరువుకు అదే గిరాకీ వస్తుందని అనుకోకూడదు. ఇక ఒడ్డంతా టెంట్లతో నిండిపోతే ప్రశాంతత కోసం వచ్చేవారికి అదే కరువవుతుంది. పాటల హోరు పెట్టి పోటీ పడటం కన్నా, రాత్రి పది తర్వాత నిశ్శబ్దం పాటించే పొలానికే కుటుంబాలు మళ్లీ వస్తాయి.

నెలవారీ పనులు

- ఆగస్టు, సెప్టెంబర్: ఎఫ్‌టీఎల్ హద్దు, భూమి కాగితాలు సరిచూసుకోవాలి. చెరువు నిండిన రోజున నీరు ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టుకోవాలి.
- అక్టోబర్: పంచాయతీ, పోలీసు, ఆహార రిజిస్ట్రేషన్ పనులు ముగించాలి. మరుగుదొడ్లు పూర్తి చేయాలి. బోటింగ్ కేంద్రంతో మాట్లాడుకోవాలి.
- నవంబర్: ముందుగా బంధువులను, తెలిసినవారిని పిలిచి ఒక రాత్రి ఉంచి లోపాలు చూసుకోవాలి. ఆ తర్వాతే డబ్బు తీసుకుని అతిథులను పిలవాలి.
- డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు: ఇదే అసలు సీజన్. సంక్రాంతి సెలవులకు ముందే బుకింగ్ తీసుకుని అడ్వాన్సు రాసుకోవాలి. యాసంగి నాట్ల పనులున్న రోజుల్లో అతిథులను తగ్గించుకోవాలి.
- మార్చి నుంచి మే వరకు: ఎండ, ఈదురు గాలులు, పిడుగులు. టెంట్లు తీసి ఉతికి, ఎండబెట్టి, ఎలుకలు చేరని పెట్టెలో దాచాలి. మామిడి తోట ఉంటే పగటి భోజనం మాత్రం నడపవచ్చు.
- జూన్, జులై: టెంట్లు వద్దు. నల్లరేగడి నేలల్లో కార్లు దిగబడతాయి, వాగులు పొంగుతాయి. సాగు పనులకే సమయం ఇవ్వాలి.

అతిథికి ముందే చెప్పవలసిన మాటలు

బుకింగ్ తీసుకునేటప్పుడు ఈ నియమాలను ఫోన్‌లో పంపాలి. ఒప్పుకున్నాకే అడ్వాన్సు తీసుకోవాలి.

1. చెరువులో ఈత లేదు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ తీయకూడదు.
2. తూము, అలుగు, కట్ట వాలు దగ్గరికి వెళ్లకూడదు.
3. పిల్లలు ఒడ్డుకు వెళ్తే పెద్దవారు చేయి పట్టుకుని ఉండాలి.
4. తాగి నీటి దగ్గరికి వెళ్లకూడదు.
5. టెంటులో మంట, కుంపటి, సిగరెట్ వద్దు.
6. రాత్రి పది తర్వాత పాటలు, కేకలు ఉండకూడదు.
7. పంటలో అడుగుపెట్టే ముందు రైతును అడగాలి.
8. ఉరుములు వస్తే రైతు చెప్పినట్టు వెంటనే ఇంట్లోకి రావాలి.
9. వాతావరణం బాగాలేకపోతే బుకింగ్ రద్దు చేసి డబ్బు తిరిగి ఇస్తాం.

చివరి నియమం రైతుకు ముఖ్యం. అడ్వాన్సు తిరిగి ఇవ్వాల్సి వస్తుందన్న వెనుకంజతోనే గాలివాన రోజున టెంట్లు వేయడం, పడవ ఎక్కించడం జరుగుతుంది. తుపాను హెచ్చరిక ఉంటే శుక్రవారమే ఫోన్ చేసి రావద్దని చెప్పాలి. ఆ డబ్బును మొదటి నుంచీ ఖర్చు పెట్టకుండా విడిగా ఉంచితే ఈ నిర్ణయం సులువవుతుంది.

భూమి హద్దుల కోసం తహసీల్దారు కార్యాలయం, నీటిపారుదల శాఖ సెక్షన్ ఇంజినీరును. బస నమోదు కోసం జిల్లా పర్యాటక అధికారిని. చేపల కొనుగోలు కోసం గ్రామ మత్స్య సహకార సంఘాన్ని సంప్రదించాలి. ఏ అనుమతి అయినా నోటి మాటగా కాకుండా కాగితం మీద తీసుకుని, పట్టాదారు పాసు పుస్తకంతో పాటు భద్రపరచుకోవాలి.